సున్నం విన్న మాట

కొండేటి రాజ్యం తన మరిది చేతి నీళ్ళు తాగదు. ఈ సంగతి సున్నందిబ్బ ఊళ్ళో అందరికీ తెలుసు. మరిది సుందరానికీ తెలుసు. అతను బావి నుంచి బిందె తెచ్చి అరుగు మీద పెడతాడు. ఆవిడ దాన్ని వాకిట్లో వంచేసి, మళ్ళీ తనే తోడుకొచ్చి వంటింట్లో పెట్టుకుంటుంది. ఆ వంచేసిన నీళ్ళకే వాకిట్లో కరివేపాకు మొక్క పందిరెత్తు పెరిగింది. అతను తేవడం మానలేదు, ఆవిడ వంచడం మానలేదు. ఒకే పెరడు, ఒకే పొయ్యి, అతను పండించిన బియ్యం, ఆవిడ వండిన కూర.

"మరి వాడి బియ్యం తింటావుగా?" అని ఎవరైనా అడిగితే ఆవిడ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది.

"బియ్యం నా కళ్ళ ముందు ఉడుకుతాయి. నీళ్ళట్టా కాదుగా."

అనుమానమంతా ఒక చావు గురించి. పోయింది రాజ్యం భర్త ఆనందం. అన్నదమ్ములిద్దరికీ ఊరి చివర సున్నపు బట్టీ ఉండేది. ఊరి పక్కనున్న పాత దిబ్బలో తవ్వినకొద్దీ తెల్లరాయి దొరికేది. తాతల నాటి నుంచీ ఊరంతా ఆ రాయి తెచ్చి, కాల్చి, గానుగలో నూరి ఇళ్ళకు పూసుకున్నారు. రాళ్ళ మీద తామరపూలు, ఏనుగులు, బుద్ధుడి పాదాలు చెక్కి ఉండేవి. చూడక కాదు, చూసే కాల్చారు. తామర ఉన్న రాయికీ లేని రాయికీ సున్నం ఒకే తెలుపు.

ఆనందం బౌద్ధం పుచ్చుకున్నాక దిబ్బ రాయి మన బట్టీలో పడకూడదన్నాడు. సుందరం సరేనన్నాడు. అన్నాడే గానీ ఒకరోజు అతని బండిలో గోతాల అడుగున పాదాలు చెక్కిన రాయి దొరికింది. బట్టీ దగ్గర అన్నదమ్ములు పెద్దగా అరుచుకున్నారు. మర్నాడు ఆనందం సున్నపు గుంటలో పడి చనిపోయాడు. కాల్చిన సున్నపురాయికి నీళ్ళు కొడితే అది అన్నం కన్నా గట్టిగా ఉడుకుతుంది. ఆ ఉడుకులో పడ్డాడు. పక్కనున్నది సుందరం ఒక్కడే.

"కాలు జారాడు" అన్నాడు సుందరం. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

అతని చేతులకు మోచేతుల దాకా కాలిన మచ్చలున్నాయి. అన్నను లాగబోతే వచ్చినవని కొందరు, సున్నం పని చేసేవాళ్ళ చేతులు అట్టాగే ఉంటాయని కొందరు. లాగడానికి చాచిన చెయ్యీ తోయడానికి చాచిన చెయ్యీ ఒకేలా కాలతాయి కదా అని రాజ్యం.

ఆనందం కూతురు విశాఖ. బుద్ధుడి కాలపు ఉపాసిక పేరని తండ్రి ఏరికోరి పెట్టుకున్నాడు. ఆయన పోయేనాటికి ఆ పిల్లకు ఊహ తెలిసీ తెలియని వయసు. చదివించింది చిన్నాన్నే. సైకిల్ మీద హైస్కూలుకు దింపిందీ, హాస్టల్‌కు ట్రంకు పెట్టె మోసిందీ అతనే. ఆమె ధ్వనిశాస్త్రం చదివి, పాత కట్టడాల మీద పరిశోధన చేసి, చివరికి ఊరి దిబ్బ కిందే రేకుల షెడ్డు వేసుకుని పనిలోకి దిగింది. పురావస్తు శాఖ వాళ్ళు ఆ దిబ్బలో బౌద్ధ భిక్షువుల పెద్ద హాలు ఒకటి బయట పెట్టారు. గోడలు కూలిపోయినా వాటి సున్నపు పూత పెళ్ళలు పెళ్ళలుగా మట్టిలో నిలిచే ఉంది. ఆమెకు కావలసింది ఆ పెళ్ళలే.

"గోడకు పూసిన సున్నం గాలి పీల్చుకుని మళ్ళీ రాయి అవుతుందమ్మా" అని తల్లికి చెప్పిందొకసారి, పూరీ పిండి ముద్ద మీద వేలితో గీత గీస్తూ. "ఆ ఆరే రోజుల్లో పక్కన ఎవరన్నా మాట్లాడితే, ఆ వణుకు దాన్లో సన్న గీతగా ఉండిపోద్ది. ముందు పైన ఆరుద్ది, తర్వాత లోపల. పైపొరలో ముందు రోజుల మాట, లోపొరలో తర్వాతి రోజుల మాట."

"ఆరిపోయాక?"

"ఇక వినదు."

"మంచి పని చేసుద్ది. మనుషులకీ ఆ బుద్ధి ఉంటే బాగుణ్ణు" అని రాజ్యం ఆ గీత మీద అప్పడాల కర్ర పోనిచ్చింది.

విశాఖ చేసిన యంత్రానికి ఊళ్ళో 'సున్నపు చెవి' అని పేరొచ్చింది. అది పెళ్ళను పొర పొరగా కాంతితో తడిమి గీతల్ని శబ్దంగా మారుస్తుంది. కానీ ఆ శబ్దం చాలా చోట్ల దుమ్ము రాలిన చప్పుడులా ఉండేది. దాన్ని మాటగా తేల్చే ప్రోగ్రాం రాసినవాడు ఫణీంద్ర. విశాఖ వయసువాడే, నగరం నుంచి వచ్చాడు. ఊరి బావిలో నీళ్ళు తోడే బొక్కెన పేరే తన ప్రోగ్రాంకు పెట్టాడు: చేద. లంకలో నిలిచిన పాళీ సూత్రాలు, చీనా, టిబెట్ భాషల్లో మిగిలిన అనువాదాలు, సంస్కృతంలో దొరికిన ముక్కలు, మన శాసనాల ప్రాకృతం, ఇవేకాక మనుషులు మాట్లాడుకునే తెలుగు కూడా కొండంత దానికి నేర్పాడు. వినీ వినబడనిది ఎక్కడున్నా చేద లోపలికి దిగి తోడి తెచ్చేది.

ఎందుకింత తాపత్రయమంటే, ఒకప్పుడు కృష్ణ ఒడ్డున ఈ దిబ్బల మీద బతికిన భిక్షువులది ఒక ప్రత్యేకమైన శాఖ. వాళ్ళకూ సొంత పిటకాలు, అంటే బుద్ధుడి బోధల సంపుటాలు, ఉండేవి. ఏ పుస్తకాన్నీ చూసి చదివేవాళ్ళు కారు. కలిసి కూర్చుని కంఠతా వల్లించేవాళ్ళు. లంకవాళ్ళవి మిగిలాయి, టిబెట్టువాళ్ళవి మిగిలాయి, మన దిబ్బవాళ్ళవి ఒక్కటీ మిగల్లేదు. మిగిలింది సున్నం ఒక్కటే.

మొదటి పెళ్ళ పలికిన వార్త ఊళ్ళోకి పాకేసరికి జనానికి బుద్ధుడి మీద కన్నా తమ ఇళ్ళ మీద ఎక్కువ ధ్యాస పడింది. ప్రెసిడెంటుగారు ముందు గది సున్నమంతా గీకించి పుట్టీ పెట్టించాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఎందుకో అందరూ ఊహించారు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు తడిగోడ ఉన్న గదిలో మాట్లాడుకోవడం మానేశారు. విశాఖ వీధిలో నడుస్తుంటే ఆడవాళ్ళు నవ్వుతూనే తలుపులు దగ్గరగా వేసుకునేవాళ్ళు.

రాజ్యం మాత్రం తలుపు బార్లా తీసింది.

"నువ్వు దిబ్బలో వాళ్ళని ఎన్నాళ్ళన్నా విను. ముందు మన గోడని అడుగు" అంది ఒక ఉదయం కూతురికి ఇడ్లీ పెడుతూ. "మీ నాన్న పోయాక నెల దాకా ఈ హాలు గోడ పచ్చిగానే ఉంది. ఆయనే పూశాడు. కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపి పూశాడు."

"ఏం అడగమంటావు?"

"దినాలయ్యాక ఇక్కడే నిలబెట్టి అడిగా సుందరాన్ని, నువ్వు తోశావా అని. నోరు విప్పలా. వాడి మొహం చూడలేక గిర్రున లోపలికెళ్ళి తలుపేసుకున్నా. వాడు ఇక్కడే ఒక్కడే నిలబడ్డాడు. చాలాసేపు. నేనెళ్ళాక ఏమన్నాడో నాకు కావాలి."

విశాఖ ఇడ్లీ తుంచి చట్నీలో అద్దింది. పెరట్లో సుందరం గొడ్డలి దెబ్బలు వినబడుతున్నాయి, వాళ్ళ పొయ్యికే కట్టెలు కొడుతున్నాడు.

"వద్దమ్మా."

"భయమా?"

"కాదు."

"భయమే. ఏం వినబడుద్దోనని. నాకు లేదు. వినబడకపోతేనే నా భయం."

వారం తిరక్కుండా షెడ్డులో పెద్ద పండగైంది. హాలు నడిమి గోడకు చెందిన పెళ్ళలో ఏకధాటిగా ఒక పారాయణం దొరికింది. పున్నమికీ అమాసకూ భిక్షువులంతా కూడి తమ నియమాలను వల్లించుకునే పాతిమోక్ఖం అది. ఒక పెద్ద గొంతు ఒక్కో వర్గం నియమాలు చెప్పి, చివర సంఘాన్ని అడుగుతుంది: ఇందులో మీరంతా పరిశుద్ధులేనా? రెండోసారి అడుగుతుంది. మూడోసారి అడుగుతుంది. ఆ మూడో ప్రశ్న తర్వాత సన్నటి గొంతు ఒకటి పలికింది. చేద తోడి తెచ్చిన ఆ ప్రాకృతానికి అర్థం చూస్తే, నేను పరిశుద్ధుణ్ణి కాను, సూత్రంలో నా సొంత మాట కలిపాను, అని.

ఫణీంద్ర కుర్చీలోంచి లేచి షెడ్డు బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికొచ్చాడు.

"లంకలో లేదు, టిబెట్టులో లేదు, చీనాలో లేదు. మన దిబ్బవాళ్ళు నిండు సభలో పైకి ఒప్పుకునేవాళ్ళు విశాఖా. ఇది కొత్త సంప్రదాయం. మనది."

ఆ సంతోషంలోనే విశాఖ మెత్తబడింది. తల్లి మాట కాదనే బలం పోయింది. సుందరం ఎరువుల కొట్టుకు వెళ్ళిన పూట హాలు గోడకు రూపాయి బిళ్ళంత బెజ్జం వేసి సున్నపు ముక్క తీసుకుంది.

పైపొర తాకగానే చేద అవసరమే లేకుండా వినబడింది. ఆనందం గొంతు. బుద్ధం శరణం గచ్ఛామి. వెనకే ముద్ద ముద్దగా ఒక పసిగొంతు. దుతియంపి, రెండోసారి కూడా. తతియంపి, మూడోసారి కూడా. పూస్తున్న తాపీ చప్పుడు మధ్య మధ్య వినబడుతోంది. తండ్రి గొంతు ఎలా ఉంటుందో విశాఖకు అప్పటిదాకా తెలియదు. అరచేతులతో హెడ్‌ఫోన్లు చెవులకు అదుముకుంది.

లోపొరలో రాజ్యం గొంతు, వయసు తక్కువది, ఏడ్చి బొంగురుపోయింది. సుందరం, ఆయన్ని నువ్వు తోశావా? తలుపు చప్పుడు. ఆ తర్వాత దుమ్ము రాలినట్టు గర గర. చేద ఆ గరగరలోకి దిగింది.

"తోశానొదినా" అంది సుందరం గొంతు.

ఆమె దాన్ని తల్లికి వినిపించకూడదనుకుంది. కానీ రాజ్యం ఆమె వెనకే వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. చెయ్యి చాచింది. విశాఖ హెడ్‌ఫోన్లు ఇచ్చింది.

విన్నాక రాజ్యం ఏడవలేదు. మొహంలో ఒక రకమైన తీరిక వచ్చింది, పంట కోసి కుప్పేశాక వచ్చేలాంటిది.

"పిచ్చిదాన్ని కాదన్నమాట" అంది.

ఆ సాయంత్రమే సుందరం గుడ్డలు, మంచం వాకిట్లోకి వచ్చాయి. ఊరు చుట్టూ చేరింది. ఇన్నేళ్ళూ గుసగుసలాడినవాళ్ళే ఇప్పుడు కొత్తగా ఆశ్చర్యపోయారు. సుందరం మంచం మడిచి భుజాన వేసుకుని బట్టీ షెడ్డుకు పోయాడు. రాజ్యం వెనకనుంచి అంది, "స్టేషన్‌కి నేనెళ్ళను. నువ్వే వెళ్ళి చెప్పుకో. ఆ మాత్రం మర్యాద ఇస్తున్నా."

మర్నాడు విశాఖ బట్టీ దగ్గరికి వెళ్ళింది. సుందరం గుంటలో సున్నం కలుపుతున్నాడు. పార ఆపలేదు.

"చిన్నాన్నా, నువ్వు అన్నావా ఆ మాట?"

"నీ మిషను అన్నదంట కదమ్మా."

"నిన్నే అడుగుతున్నా."

"ఫణిబాబు నాకూ వినిపించాడు. నా గొంతే అది." పార అంచుకు అంటిన సున్నం గుంట గట్టుకు గీశాడు. "అనలేదనే అనుకుంటున్నా. కానీ ఆ రోజు నుంచీ లోపల్లోపల ఎన్ని మాటలు అనుకున్నానో నాకే తెలవదు. మనసులో అనుకున్నది కూడా సున్నానికి వినబడుద్దా విశాఖా?"

"వినబడదు."

"గట్టిగా తెలుసా?"

ఆమెకు గట్టిగా తెలుసు. అయినా వెంటనే చెప్పలేకపోయింది. ఆ ఆలస్యం సుందరం చూశాడు. మళ్ళీ పార ఎత్తాడు.

"ఆ రోజు ఏం జరిగింది?" అని ఆమె రెండోసారి అడిగింది. పార చప్పుడు తప్ప జవాబు లేదు.

పారాయణాన్ని లోకానికి ప్రకటించే ముందు ఒక భిక్షువుకు వినిపించాలని విశాఖ మొదటినుంచీ అనుకుంటోంది. పల్నాడులో పుట్టి లంకలో చదువుకున్న సంఘరక్ఖిత భంతే పొద్దున్నే వచ్చాడు. మధ్యాహ్నం దాటితే ఆయన తినడు కనక ముందు భోజనం పెట్టారు. తర్వాత ఆయన హెడ్‌ఫోన్లు చేతిలోకి తీసుకుని కాసేపు తటపటాయించాడు.

"ఇది వల్లించేటప్పుడు భిక్షువులు కానివాళ్ళను దగ్గర ఉండనివ్వరమ్మా. పాపం, గోడని బయటికి పంపలేకపోయారు" అని నవ్వి, పెట్టుకున్నాడు.

కళ్ళు మూసుకుని విన్నాడు. పెదవులు యంత్రంతోపాటు కదిలాయి. తనకు తెలిసిన పాళీకీ దీనికీ అక్కడక్కడా వరస తేడా వచ్చినప్పుడు తల పంకించాడు. మూడో ప్రశ్న వచ్చింది. ఆ సన్న గొంతు పలికింది. ఆయన కళ్ళు తెరిచాడు.

"ఎవరిది ఆ గొంతు?"

"ఒక భిక్షువుది, భంతే."

"అక్కడ ఎవరూ మాట్లాడరమ్మా."

ఫణీంద్ర ముందుకు వంగాడు. "మీ శాఖలో మాట్లాడరేమో స్వామీ. వీళ్ళది వేరే శాఖ."

"శాఖలు మారితే నియమాల లెక్క మారుద్ది బాబూ. వరస మారుద్ది. కట్టే బట్ట రంగు మారుద్ది. నేను టిబెట్ వాళ్ళతో కూర్చున్నా, చీనా అనువాదం తిరగేశా. ఈ ఒక్క చోటు మాత్రం అందరిదీ ఒకటే. తప్పు చేసినవాడు పారాయణం మొదలవక ముందే పక్క భిక్షువు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చెప్పేసుకుంటాడు. ప్రశ్న వేసే వేళకు చెప్పాల్సింది మిగలదు. మూడుసార్లు అడుగుతారు, అందరూ గమ్మునుంటారు. ఆ మౌనమే జవాబు. మీరు మౌనంగా ఉన్నారు కనక పరిశుద్ధులని అనుకుంటున్నాను అని పెద్ద భిక్షువు ముందుకు సాగుతాడు."

"అబద్ధంగా మౌనంగా ఉంటే?" అని అడిగింది విశాఖ.

"ఉండొచ్చు. అది వాడు మోసుకోవాలి. సంఘం మాత్రం నమ్ముద్ది. ఎవరి లోపలికీ తాడు వేసి తోడలేం కదమ్మా."

ఆయన వెళ్ళిపోయాక ఆ తాడు విశాఖ మెడకు చుట్టుకున్నట్టే ఉంది. చేదకు ఏం నేర్పారు? సూత్రాలు. సూత్రాలన్నిట్లో ఏముంటుంది? ఎవరో ఒకరు వచ్చి బుద్ధుణ్ణి అడుగుతారు, ఆయన చెబుతాడు. తెలుగులో నేర్పిన మాటలైనా అంతే. ఒకరు అడుగుతారు, ఒకరు చెబుతారు. ప్రశ్న వెనక జవాబు వచ్చి తీరుతుందని అది కొన్ని లక్షల సార్లు నేర్చుకుంది. బుద్ధుడు కూడా కొన్ని ప్రశ్నలకు ఊరుకున్నాడంటారు. కానీ ఊరుకోవడాన్ని ఎట్లా నేర్పుతారు దానికి? అక్కడ నేర్పడానికి శబ్దం లేదు.

ఆమె అరచేతంత పలక మీద పల్చగా సున్నం పూసింది. చిన్నాన్న బట్టీలోదే, కరక్కాయ నీళ్ళు కలిపి. తొందరగా ఆరడానికి బొగ్గుపులుసు వాయువు నింపిన పెట్టెలో పెట్టి, గది తలుపులు మూసి, దాని ముందు కూర్చుని పైకి అడిగింది.

"విశాఖా, మీ నాన్నని నువ్వు చంపావా?"

తర్వాత నోరు మూసుకుంది. పలక ఆరేదాకా ఆ గదిలోకి ఎవర్నీ రానివ్వలేదు, తను మాట్లాడలేదు.

ఆరిన పలకను సున్నపు చెవి కింద పెట్టింది. చేద లేకుండా విన్నప్పుడు ప్రశ్న వినబడింది, తర్వాత గరగర. చేదను దింపింది.

"చంపాను" అంది ఆమె గొంతు. చిన్నగా, తల వంచుకున్న మనిషి అన్నట్టు.

తన గొంతు అంత నిజంగా, ఏడవబోతున్నట్టు పలుకుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఒక్క క్షణం, నిజంగానే ఒక్క క్షణం, చిన్నప్పుడు బట్టీ దగ్గర తనేమైనా చేసిందా అని వెతుక్కుంది. అప్పుడర్థమైంది, తన గొంతు తనే విన్న చిన్నాన్న అనలేదని గట్టిగా ఎందుకు చెప్పలేకపోయాడో.

బావిలో నీళ్ళున్నా లేకపోయినా చేద నిండే వస్తోంది.

ఫణీంద్ర పలకను రెండుసార్లు విన్నాడు. కానీ వెనక్కి తగ్గలేదు.

"ఒక్క పలక. ఒక్క ప్రశ్న. సరిచేస్తాను, నాకు టైమివ్వు. ఎల్లుండి లంక నుంచి, బెంగుళూరు టిబెట్ మఠం నుంచి వస్తున్నారు. పత్రికలవాళ్ళొస్తున్నారు. ఇప్పుడు ఇది పైకి తీస్తే పారాయణం మొత్తం నకిలీ అంటారు. మన శాఖ మళ్ళీ మట్టిలోకి పోతుంది."

"పారాయణం నిజమే. ప్రశ్నలు చేద లేకుండానే వినబడుతున్నాయి. జవాబు ఒక్కటే మనది."

"జనం అంత సన్నగా విడదీస్తారా? ఒక్క పురుగు కనబడితే బస్తా మొత్తం పారబోస్తారు." మెల్లగా అన్నాడు, "ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆ భిక్షువు ఒప్పుకోలు విన్నప్పుడు నీకు చేద మీద అనుమానం రాలేదు. మీ చిన్నాన్న ఒప్పుకోలు విన్నాకే వచ్చింది. ఆయన కోసం ఈ దిబ్బను పాతిపెడతావా?"

అతనన్నది నిజం. ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన ఒక భిక్షువు మీద దొంగమాట పడితే ఆమెకు పండగైంది. తనను సైకిల్ మీద బడికి దింపినవాడి మీద పడేసరికి పలక ఆరబెట్టింది.

ప్రకటన రోజు షామియానా కింద కుర్చీలు నిండాయి. ముందు వరసలో లంక భిక్షువులు, పక్కనే మెరూన్ బట్టల టిబెట్ లామాలు, వెనక ఊరి జనం. రాజ్యం కూడా వచ్చి ఒక చివర కూర్చుంది. ఫణీంద్ర స్క్రీన్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

విశాఖ చేద లేని శబ్దం పెట్టింది. దుమ్ము మధ్య నుంచి పెద్ద గొంతు పలికింది. లంకవాళ్ళ పెదవులు కదిలాయి, లామాల పెదవులూ కదిలాయి, ఎవరి భాషలో వాళ్ళు. మూడోసారి ప్రశ్న వచ్చింది. ఆ తర్వాత గరగర. ఆ తర్వాత పెద్ద గొంతు మళ్ళీ మొదలైంది. ముందు వరసలో రెండు రంగుల బట్టల తలలూ ఒకేసారి చిన్నగా వంగాయి.

"ఇక్కడ మా యంత్రం ఒక జవాబు కల్పించింది" అని విశాఖ మైకులో చెప్పింది. "మేం దాన్ని నమ్మాం. ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు. వినబడని చోట ఇది వింటున్నట్టు నటిస్తుంది." తర్వాత పలక పెట్టింది. తన ప్రశ్న, తన గొంతులో వచ్చిన ఒప్పుకోలు. ఊరి జనంలో ఒక్కసారిగా గోల లేచింది. "ఇదే యంత్రం మా చిన్నాన్న గొంతుతోనూ మాట్లాడింది. ఆయన ఆ మాట అన్నాడని గోడ చెప్పలేదు. అనలేదనీ చెప్పలేదు. గోడ ఏమీ చెప్పలేదు."

పత్రికలవాళ్ళు సగం మంది అప్పుడే లేచారు. ఫణీంద్ర సామాను సర్దుకోవడానికి షెడ్డులోకి పోయాడు. పరిశోధన ప్రస్తుతానికి ఆపమని పైనుంచి ఫోను వచ్చేసింది. సంఘరక్ఖిత భంతే మాత్రం వెళ్ళబోతూ ఆమె దగ్గర ఆగి, "ఇన్ని వందల ఏళ్ళ నాటి మౌనాన్ని ఇవాళే విన్నా. అది కూడా మీ దిబ్బవాళ్ళదే కదా" అని పోయాడు.

రాజ్యం ఇంటికి నడిచింది. మర్నాడు పొద్దున పొయ్యి రాజేస్తూ అంది, "వాడు అనలేదన్నంత మాత్రాన చెయ్యలేదని కాదు."

"కాదమ్మా."

"మరి నాకేం మిగిలింది? ముందూ తెలవదు, ఇప్పుడూ తెలవదు. మధ్యలో వాడి మంచం బయటపడేసిన పాపం ఒకటి."

"అప్పుడు అడిగి లోపలికెళ్ళిపోయావు. ఈసారి అడిగి కూర్చో."

విశాఖ బట్టీకి వెళ్ళి సుందరాన్ని తీసుకొచ్చింది. అతను వస్తూ వస్తూ దోవలో బావి దగ్గర ఆగి, అలవాటు కొద్దీ, చెంబుతో నీళ్ళు తోడుకొచ్చాడు. హాల్లో బెజ్జం వేసిన గోడకు ఎదురుగా నిలబడ్డాడు. రాజ్యం ఆ గోడకే వీపు ఆనించి చాప మీద కూర్చుంది.

"సుందరం. ఆయన్ని నువ్వు తోశావా?"

పెరట్లో గేదె పలుపు లాక్కున్న చప్పుడు వినబడింది. రాజ్యం లేవబోయినట్టు చెయ్యి చాప మీద ఆనించింది. మళ్ళీ తీసేసింది.

మొగుడు పోయిన నాటి నుంచీ ఆవిడ శరణాలు చెప్పుకోవడం మానేసింది. అయినా నోటికొచ్చింది.

"దుతియంపి అడుగుతున్నా. ఆయన్ని నువ్వు తోశావా?"

సుందరం చేతిలో చెంబు ఒరిగింది. నీళ్ళు అంచు దాటి అతని మచ్చల మీదుగా మోచేతికి జారాయి. రాజ్యం ఆ మచ్చల్ని చూసింది. ఇన్నాళ్ళూ చాటుగా చూసింది గానీ ఎదురుగా కూర్చుని చూడటం ఇదే. వాటి మీద ఏమీ రాసి లేదు.

"తతియంపి. ఆయన్ని నువ్వు తోశావా?"

విశాఖ తల్లి వైపు చూడలేదు, చిన్నాన్న వైపు చూడలేదు, గోడ బెజ్జం వైపు చూసింది. అక్కడ సున్నం ఎప్పుడో ఆరిపోయింది. ఇక ఏమీ వినదు.

చాలాసేపటికి రాజ్యం పక్కనున్న తన స్టీలు గ్లాసు తీసుకుని ముందుకు చాచింది.

"నీళ్ళు పొయ్యి."

సుందరం వంగి పోశాడు. సగం గ్లాసులో, సగం నేల మీద. ఆవిడ గ్లాసు ఎత్తి, ఇన్నేళ్ళ అలవాటు, ముందు ముక్కు దగ్గర పెట్టుకుంది. అతని కళ్ళలోకి చూస్తూనే, తన కళ్ళ నుంచి పెదవి మీదికి జారిన తడి తుడుచుకోకుండానే, చుక్క మిగల్చకుండా తాగింది.

"ఉప్పగా ఉన్నాయే" అంది. "ఏ బావివి?"

"మన బావివే, వదినా."